ఉప్పుగాలీ ఏసీ కండెన్సరూ: ఇంట్లో ఎంత పని, షెడ్డులో ఎంత పని

అనంతపురంలో 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. అదే మధ్యాహ్నం ఉద్దానం తీరంలోని వజ్రపుకొత్తూరులో 33 డిగ్రీలే, తేమ మాత్రం 75 శాతం. కారు ఏసీకి ఎక్కడ కష్టం అని అడిగితే చాలామంది అనంతపురమే అంటారు. లెక్క వేస్తే జవాబు తిరగబడుతుంది. బయటి గాలిని లోపలికి లాక్కొని 12 డిగ్రీలకు చల్లార్చాలంటే అనంతపురంలో కిలో గాలి నుంచి దాదాపు 30 కిలోజౌళ్ల వేడి తీస్తే చాలు. ఉద్దానం తీరంలో 60 తీయాలి. ఆ 60లో మూడింట రెండు వంతులు అసలు చల్లదనానికి కాదు, గాలిలోని ఆవిరిని నీరుగా దించడానికే పోతుంది. కిలో గాలికి 15 గ్రాముల నీరు దిగుతుంది. ఏసీ వేసిన కారు ఆగిన చోట మడుగు కట్టేది ఆ నీరే. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంచమని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. ఒకసారి ఆరిన గాలిని మళ్లీ చల్లార్చడం ఏసీకి చాలా తేలిక.

ఇలా లోపల తీసిన వేడి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. చిన్న కారు ఏసీ సామర్థ్యం సుమారు 3.5 కిలోవాట్లు, ఇంటి లెక్కలో ఒక టన్ను. దాన్ని నడపడానికి కంప్రెసర్ పెట్టే శక్తి మరో కిలోవాటు, కిలోవాటున్నర. రెండూ కలిసి బయటికి పోయే దారి ఒక్కటే: రేడియేటర్ ముందు నిలబడి ఉండే అల్యూమినియం పలక, కండెన్సర్. కంప్రెసర్ నొక్కి వేడెక్కించిన గ్యాస్ ఇక్కడికొచ్చి, ఎదురుగాలికి వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. ఇది సగం మూసుకుపోయినా, సూదిమొనంత చిల్లు పడినా మిగతా భాగాలన్నీ బాగుండి లాభం లేదు.

తీరంలో దానికి చిల్లు పడటం ఎందుకంత మామూలు? జవాబు నౌపడ ఉప్పు మడుల్లోనే ఉంది. అక్కడ ఉప్పు పండించే గాలీ ఎండా సముద్రమూ కారుకు కూడా అవే. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో తేలి వచ్చి కండెన్సర్ రెక్కల మీద ఉప్పుపొరగా దిగుతుంది. పొడిగా ఉన్నంతసేపు ఆ ఉప్పు పెద్దగా కీడు చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం దానంతటదే చెమర్చి ఉప్పునీరవుతుంది. ఈ తీరంలో చాలా రాత్రులు తేమ ఆ గీత దాటే ఉంటుంది. అంటే వాన లేకపోయినా మంచు పడకపోయినా ఇంటి ముందు ఆగిన కారు కండెన్సర్ తెల్లవార్లూ ఉప్పునీటిలో తడుస్తున్నట్టే.

అల్యూమినియానికి సొంతంగా ఒక కవచం ఉంది. గాలి తగిలిన వెంటనే దాని మీద కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర కడుతుంది. ఇనుములా తుప్పు పొరలు పొరలుగా ఊడదు. కానీ ఉప్పులోని క్లోరైడ్ ఆ ఆక్సైడ్ పొరను అక్కడక్కడా పొడుచుకొని సన్నని గుంటలు చేస్తుంది. గ్యాస్ ప్రవహించే చదునైన గొట్టాల గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు. మధ్యనుండే రెక్కలు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండవు. గుంట లోతుగా పోవడానికి పెద్ద దూరం లేదు. నువ్వలరేవు, భావనపాడు, బారువ లాంటి ఒడ్డు ఊళ్లలో ఉండే కారుకూ, పది కిలోమీటర్లకు పైగా లోపలున్న పలాస–కాశీబుగ్గలో ఆగే కారుకూ తేడా కనిపిస్తుంది. ఉప్పు ఎక్కువగా రాలేది ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే. తుఫాను వచ్చినప్పుడు ఈ లెక్క చెల్లదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి గాలి తుంపరను చాలా లోపలికి మోసుకొస్తుంది.

రెండో శత్రువు రోడ్డు మీద ఉంది. టెక్కలి నీలి గ్రానైట్ లారీలు 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేటప్పుడు చక్రాల సందుల్లోంచి చిప్స్ ఎగురుతాయి. మూలపేట పోర్టు పనుల లారీలూ అదే దారిలో కలిశాయి. బంపర్ కింది జాలీ గుండా దూరిన గులకరాయి నేరుగా తగిలేది కండెన్సర్‌కే. చాలా కార్లకు అక్కడ సన్నని వలైనా ఉండదు. డిజైన్ చేసినవాళ్లు ఈ దారిలో ఎప్పుడూ నడపలేదేమో అనిపిస్తుంది.

కూలింగ్ రావట్లేదంటే కండెన్సరే పోయిందని అనుకోకూడదు. ముందు బానెట్ ఎత్తి ఏసీ వేసి చూడండి: ఫ్యాన్ తిరుగుతోందా, కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటోందా. తరువాత కండెన్సర్ ముఖం మీద నూనె మరక కోసం వెతకండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంటుంది కాబట్టి లీకైన చోట దుమ్ము అంటుకున్న జిడ్డు మరక ఉంటుంది. సబ్బునీళ్లు రాస్తే బుడగలు రావచ్చు. గ్యాస్ పూర్తిగా పోయి ఉంటే అవీ రావు.

ఇప్పుడు గేజి. ఇంజిన్ ఆపి, బండి పూర్తిగా చల్లారాక చూడాలి. ఆర్-134ఎ గ్యాస్ వాడే బండిలో, వాతావరణం 32 డిగ్రీలున్నప్పుడు హై సైడ్, లో సైడ్ గేజిలు రెండూ దాదాపు 103 పీఎస్‌ఐ చూపాలి. 40 చూపితే లోపల ద్రవం మిగల్లేదు, ఉన్నది కాస్త ఆవిరే. సున్నా అయితే చెప్పేదేముంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. 103 చూపిస్తే గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు. లోపల ఒక చెంచాడు ద్రవం మిగిలి ఉన్నా ముల్లు 103 దగ్గరే నిలుస్తుంది. ఆ అంకె చెప్పేది ఉష్ణోగ్రతనే, పరిమాణాన్ని కాదు. గేజి చూసి ‘ఇంకొంచెం కొట్టు’ అనే పద్ధతి అందుకే గుడ్డి లెక్క. ఏటా మార్చిలో గ్యాస్ పట్టించుకొని జూన్‌కల్లా మళ్లీ షెడ్డుకు పోయే కారు లీకుకు అద్దె కడుతోందన్నమాట.

లీకు కండెన్సర్‌దేనని తేలాక మూడు దారులున్నాయి. మొదటిది అతుకు. గ్యాస్ వెల్డింగుతోనో, రసాయన ముద్దతోనో చిల్లు పూడ్చేవాళ్లు ఉన్నారు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, గోడ మందం మిల్లీమీటరులో మూడో వంతు, నడిచేటప్పుడు లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 15 కిలోల పైమాటే. రాయి తగిలిన చిల్లుకైతే అతుకు కొంతకాలం నిలవచ్చు. ఉప్పు తిన్న పలకకు ఒక గుంట పూడిస్తే పక్కది తెరుచుకుంటుంది. రెండోది మొత్తం షెడ్డుకు అప్పగించడం. మూడోది బంపర్ ఊడదీసి మనమే మార్చుకోవడం.

మూడో దారి ఖర్చు చూద్దాం. బండిని బట్టి, బ్రాండును బట్టి చిన్న కారు కండెన్సర్ ఉజ్జాయింపుగా మూడు వేల నుంచి ఏడు వేల రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు 28 శాతం శ్లాబులో ఉన్న భాగం పన్ను కాకుండా 4,000 అయితే 5,120 పడేది, ఇప్పుడు 4,720. ఇంట్లో చేస్తే మిగిలేది విప్పి బిగించే కూలి, వెయ్యి పదిహేను వందలు. వ్యాక్యూమ్ పంపు, గేజిల సెట్టు కూడా కొనాలంటే ఎనిమిది, పది వేలు ఎదురు పెట్టాలి. డబ్బు మిగుల్చుకోవడానికే అయితే ఇది పెద్ద బేరం కాదు. ఇంట్లో చేయడానికి నాకు కనిపించే అసలు కారణం వేరు. కొత్త రబ్బరు రింగులు వేశారా, పైపు నోళ్లు మూసి పెట్టారా, నూనె కొలిచి పోశారా అన్నవి హడావిడి షెడ్డులో మన కళ్లముందు జరగవు. కూలింగ్ మళ్లీ మళ్లీ పోవడానికీ, కొత్త చోట లీకు మొదలవ్వడానికీ తరచుగా ఆ చిన్న పనులే కారణం.

నా సలహా: విప్పడం బిగించడం ఇంట్లో, గ్యాస్ తీయడం పట్టించడం మెషీన్ ఉన్న షెడ్డులో. ఎందుకో కూడా అంకెల్లోనే ఉంది. ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు గానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు బలమైనది. 400 గ్రాములు గాలిలోకి వదిలేస్తే 572 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. అంటే సుమారు 248 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారులో పలాస నుంచి విశాఖ వెళ్లి రావడం పదిసార్లకు పైగా. పైపు బోల్టు కాస్త వదులు చేసి బుస్సుమనిపించడం కొన్ని క్షణాల పని కాబట్టి చాలా చోట్ల అదే జరుగుతోంది. బండిలో గ్యాస్ మిగిలి ఉంటే దాన్ని లాగి సిలిండర్‌లో పట్టే మెషీన్ ఉన్న చోటుకే ముందు వెళ్లాలి. పర్యావరణం మాట అటుంచినా, మామూలు ఒత్తిడిలో ఆ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కంట్లో పడితే కన్ను గడ్డకడుతుంది. గ్యాస్ లేదని గేజి చెప్పినా కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా బోల్టు ముట్టుకోవద్దు. చుట్టూ బీడీ, స్టవ్వు ఏదీ ఉండకూడదు. మంటలో పడితే ఈ గ్యాస్ విషపు ఆమ్లాన్ని పుట్టిస్తుంది.

బానెట్ కింది స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ అని ఉంటే అసలు ఇంటి పని మాట మరిచిపోండి. అది కొద్దిగా మండే గ్యాస్, ధర చాలా ఎక్కువ, పైపుల మూతులు కూడా వేరు. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్-134ఎ వాడటం లేదు. మన దగ్గర రోడ్ల మీదున్న కార్లలో ఎక్కువవాటిలో ఇప్పటికీ అదే.

ఇక స్పానర్ పని. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ముందు బంపర్‌కు పైన నాలుగైదు ప్లాస్టిక్ క్లిప్పులు, చక్రాల గూళ్లలో చెరో స్క్రూ, కింద కొన్ని. ఎక్కువగా పది నంబరు స్పానర్‌తోనే పని. ఫాగ్ ల్యాంపుల వైరు విప్పకుండా బంపర్ లాగేస్తే ఒక ఏసీ పనికి రెండు కరెంటు పనులు తోడవుతాయి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ముందు భాగంలోనే ఉంటుంది, దాన్ని తట్టొద్దు. చాలా కార్లలో రేడియేటర్ నీళ్లు తీయక్కర్లేదు, కండెన్సర్ దాని ముందు విడిగా వేలాడుతుంది.

పైపులు కండెన్సర్‌కు అతికే చోట ఒక్కో ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఉంటుంది. ఉప్పు ఊళ్లలో ఉక్కు బోల్టూ అల్యూమినియం దిమ్మా ఒకదాన్నొకటి కరుచుకొని ఉంటాయి. అదాటున తిప్పితే బోల్టు తల ఊడుతుంది, లేదా పైపు మెలి తిరుగుతుంది. పైపు పోతే ఖర్చు రెట్టింపు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తీయండి. తీసిన క్షణమే పైపు నోళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ మూతలతో మూయాలి. 32 డిగ్రీల్లో, 75 శాతం తేమలో ఒక్కో ఘనపు మీటరు గాలిలో 25 గ్రాముల నీరుంటుంది, లోపలున్న పీఏజీ రకం కంప్రెసర్ నూనె ఆ తేమను ఆబగా పీల్చుకుంటుంది. కొత్త కండెన్సర్ మూతలు కూడా బిగించే నిమిషం వరకు తీయొద్దు. నూనె డబ్బా తెరిచి పెట్టొద్దు, మిగిలిన నూనెను వచ్చే ఏడాదికి దాచొద్దు.

పక్కన సన్నని గొట్టంలా ఉండే డ్రయ్యర్ చాలా కండెన్సర్లకు కలిసే వస్తుంది. విడిగా ఉంటే కొత్తది కొనాల్సిందే. తేమ తాగే గుళికలు దానిలో ఉంటాయి, ఒకసారి నిండితే వాటి పని అయిపోయినట్టే. రబ్బరు రింగులు కొత్తవి, ఈ గ్యాస్‌కు తగినవి వేసి, వాటికి పీఏజీ నూనె వేలితో రాయండి, గ్రీజు వద్దు. పాత కండెన్సర్‌తో పాటు బయటికి పోయిన నూనెకు బదులు సాధారణంగా 30 మిల్లీలీటర్లు పోస్తారు. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే మాట. బోల్టు బిగింపు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో, అంటే చిన్న స్పానర్‌ను మణికట్టుతో తిప్పేంత బలం. మోచెయ్యి బలం పెడితే దిమ్మలోని మరలు పోతాయి.

కంప్రెసర్ లోపల అరిగి లోహపు పొడి వచ్చిన బండిలో పాత కండెన్సర్ కడిగి వాడదామనుకోవద్దు. లోపలి దారులు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ వెడల్పువి, ఇరుక్కున్న పొడి ఏ ద్రావకానికీ బయటికి రాదు.

ఇంతవరకు పని తెలిసినవాడికి రెండు మూడు గంటలు, తెలియనివాడికి ఒక ఆదివారం. ఇక్కడితో ఇంటి పని అయిపోయింది. తరువాతది షెడ్డులో జరిగినా దాని అంకెలు మీకు తెలిసి ఉండాలి.

వ్యాక్యూమ్ పెట్టడం గాలి తీయడానికే అనుకుంటారు. అంతకంటే ముఖ్యం నీళ్లు తీయడం. ఒత్తిడి తగ్గేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. బండి 30 డిగ్రీల్లో ఉంటే గేజి 28.7 అంగుళాలు దాటాకే లోపలి నీరు మరిగి ఆవిరై పంపులోకి వస్తుంది. 26 దగ్గర ముల్లు ఆగిపోయి ‘వ్యాక్యూమ్ వచ్చేసింది’ అంటే నీరు అలాగే కూర్చుని ఉందన్నమాట. సముద్ర మట్టం దగ్గర గేజికి గరిష్ఠం 29.9 కాబట్టి తీరం ఊళ్లకు ఈ అంకె సరిపోతుంది. అదే పంపు అరకులో పెడితే ఎంత బాగా పని చేసినా 27 దాటదు. కనీసం అరగంట, పైపులు రెండు మూడు రోజులు తెరిచి ఉంటే గంట. తరువాత వాల్వులు మూసి ఇరవై నిమిషాలు ముల్లును చూడాలి. అది కదిలితే గ్యాస్ పట్టించొద్దు, లీకో తేమో ఇంకా ఉంది. లీకు వెతకడానికి టైర్ల గాలి పట్టించే షెడ్డులున్నాయి. తడి గాలి, అందులో ఆక్సిజన్, లోపల నూనె: ఆ మూడింటినీ ఒత్తిడిలో కలపడం మంచిది కాదు. నైట్రోజన్ అడగండి.

ఇక తూకం. జీడిపప్పు ఊరైన పలాసలో దీన్ని వివరించడం తేలిక. డబ్ల్యూ-320 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు 320కి మించని జీడిపప్పు అని ఇక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. చిన్న గ్యాస్ డబ్బాలో సాధారణంగా ఉండేది 450 గ్రాములు, దాదాపు అదే పౌను. స్టిక్కర్ మీద 400 గ్రాములు, 20 అటూ ఇటూ అని ఉందనుకోండి. ఆ 20 గ్రాములంటే 320 రకం పలుకులు పద్నాలుగు. అంతకు మించి తేడా రాకూడదని కంపెనీ చెబుతుంటే, డబ్బా మొత్తం దింపేసి ‘ఫుల్ కొట్టాం’ అనేవాళ్లు 50 గ్రాములు ఎక్కువ పోశారు, నూటికి పన్నెండున్నర. ఎక్కువైతే కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి వేడి వదిలే చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, కూలింగ్ తగ్గుతుంది. యజమానేమో ఇంకొంచెం గ్యాస్ కావాలంటాడు. జీడిపప్పును గ్రాముల్లో తూచే ఊళ్లో ఏసీ గ్యాస్‌ను కంటిచూపుతో పోయించుకోవడం నాకెప్పుడూ అర్థం కాని సంగతి. డబ్బాను కాటా మీద పెట్టి తగ్గిన బరువు చూడమనండి. కంప్రెసర్ నడుస్తుండగా హై సైడ్ వాల్వు తెరవకూడదు, ఆ ఒత్తిడి వెనక్కొచ్చి డబ్బాను పేల్చేస్తుంది.

గ్యాస్ ఎక్కడ కొంటున్నారన్నదీ ముఖ్యమే. 2011లో వియత్నాం, బ్రెజిల్‌లలో ఓడ కంటెయినర్ల శీతల యంత్రాలు పేలి ముగ్గురు చనిపోయారు. ఆర్-134ఎ పేరుతో నింపిన నకిలీ గ్యాస్‌లో మిథైల్ క్లోరైడ్ ఉండి, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే అంటుకునే పదార్థంగా మారింది. సీలు, పేరు, బిల్లు లేని డబ్బా ఎంత చవకైనా వద్దు.

గ్యాస్ పట్టాక ఇంజిన్ నిమిషానికి 1,500 తిప్పుల దగ్గర ఉంచి, బయట 33 డిగ్రీలుంటే హై సైడ్ 200 నుంచి 250 పీఎస్‌ఐ, లో సైడ్ 30 నుంచి 45 మధ్య ఉండాలి. హై సైడ్ 300 దాటిపోతుంటే ఫ్యాన్ బలహీనమో, లోపల గాలి మిగిలిందో, గ్యాస్ ఎక్కువైందో. చాలా బండ్లలో 455 దగ్గర స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. పది నిమిషాల తరువాత డ్యాష్‌బోర్డు మధ్య జాలీలో థర్మామీటరు పెట్టండి. 8 డిగ్రీలు వస్తే బాగుంది. ఉక్కపోత రోజున 12 వచ్చినా గొడవ పడక్కర్లేదు, మూడింట రెండు వంతుల పని నీరు దించడానికే పోతోందని మొదట్లో చూశాం కదా.

కొత్త కండెన్సర్‌ను కాపాడేది మంచినీళ్లే. ఒడ్డు ఊళ్లలో వారానికోసారి, తుఫాను గాలి తరువాత వెంటనే, తోటపైపు మామూలు ధారతో జాలీ గుండా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు పడుకుంటాయి. ఏ నీళ్లన్నది చూసుకోవాలి: ఒడ్డున బోరు నీళ్లే ఉప్పగా ఉంటే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుండాలని భారతీయ ప్రమాణం, కండెన్సర్‌కూ ఆ నీళ్లు చాలు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి డయాలసిస్ కోసం కారులో వెళ్లొచ్చే ఇంట్లో ఏసీ షోకు కాదు. అలాంటి బండికైతే ఈ కడుగుడు పని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవడం మంచిది.

ఇకపై గ్యాస్ చౌకగా దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. భారత్ 2021 సెప్టెంబరులో ఇలాంటి గ్యాసులను తగ్గించే కిగాలీ సవరణకు సమ్మతి తెలిపింది. దాని ప్రకారం ఈ జాతి గ్యాసుల వాడకం 2028 నుంచి పెరగకూడదు, 2032కి పది శాతం, 2047కి 85 శాతం తగ్గాలి. ఇవాళ కొన్న కారు కండెన్సర్ ఉప్పుకు లొంగే వేళకు మొదటి కోత అమల్లో ఉండవచ్చు. మరోపక్క 2025లో కొత్త లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి నిబంధన అమల్లోకి వచ్చింది కాబట్టి, టెక్కలి గ్రానైట్ బండ్లు కూడా ఇదే గ్యాస్ కోసం, ఇదే షెడ్డు ముందు వరుస కడతాయి. పని పూర్తయ్యాక పోసిన బరువు, నూనె, తేదీ ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించండి. ఈసారి కూలింగ్ తగ్గితే, ఉన్న గ్యాస్ లాగి తూచిన మెకానిక్కు ఎంత కారిపోయిందో ఆ చీటీ చూసి గ్రాముల్లో చెప్పగలడు.